చెవి లేని తాళం

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారని డెల్టాలో పలక పట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. మొదటి హెచ్చరికకు లంకల్లోని పశువులు గట్టుకు చేరతాయి, రెండవదానికి బియ్యం మూటలు అటక ఎక్కుతాయి, మూడవదానికి మనుషులే ఏటిగట్టు ఎక్కుతారు. అంత పెద్ద నది ఇంత మర్యాదగా మూడుసార్లు చెప్పి మరీ ఇంట్లోకి వస్తుండగా, మా వీధి తలుపుకు బిగించిన జానెడు స్మార్ట్ లాక్ మాత్రం మాకు ఒక్క ముక్క చెప్పకుండా మమ్మల్నే ఇంట్లోకి రానివ్వడం మానుకుంది. ఈ సంగతిని నలుగురి దృష్టికి తేవడం నా పౌరధర్మమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

నిజానికి ఈ తాళం మేము కొన్నది కాదు, సంక్రాంతికి వచ్చినది. గోదావరి జిల్లాల్లో పండుగకు వచ్చిన అల్లుడికి ఎన్ని రకాలు వడ్డించారన్నది ఏటా పత్రికలకెక్కే వార్త. మా ఇంట్లో ఆ లెక్క నలభై దాటలేదు. అయినా మా అల్లుడు దానిని మనసులో పెట్టుకోకపోగా, మా క్షేమం కోరి హైదరాబాదు నుంచి ఈ పరికరాన్ని మోసుకొచ్చాడు. పుచ్చుకోవలసిన పండుగకు ఎదురిచ్చిన అల్లుళ్లు చరిత్రలో అరుదు కనుక, ఇచ్చిన వస్తువు బాగా లేదనే హక్కు మాకు లేదు. దానిని పీకి పారేయమని సలహా ఇవ్వబోయే పాఠకులు తమకు పెళ్లయిన కూతుళ్లు ఉన్నారో లేదో ముందుగా తెలియజేయాలి.

అంతకుముందు మా తలుపుకు తాళం లేదని కాదు. మా తాతగారు చేయించిన ఆ రెండు రెక్కల టేకు తలుపుకు ఇత్తడి గుబ్బలు, లోపల అడ్డగడియ, జానెడు ఇనుప చెవితో తెరుచుకునే తాళం అన్నీ ఉన్నాయి. వాడకమే లేదు. తెల్లవారుజామున ముగ్గు వేయడానికి తెరిచిన తలుపు రాత్రి భోజనాలయ్యాకే పడేది. పట్టపగలు వీధి తలుపు వేసి ఉంటే, ఇంటిల్లిపాదీ కాశీకైనా వెళ్లి ఉండాలి, లోపల ఎవరికైనా బాగా లేకపోయి అయినా ఉండాలి అని ఊరు తీర్మానించుకుని, రెంటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి వచ్చి తలుపు తట్టేది. 1986 ఆగస్టు వరదకు లంకల నుంచి వచ్చినవాళ్లు మా మండువాకు నాలుగు వైపులా సర్దుకున్నారు. ఆ వారం రోజుల్లో ఆ తలుపును ఒక్కసారైనా మూసిన గుర్తు నాకు లేదు. ఇంతటి నిర్లక్ష్యపు చరిత్ర గల తలుపును చూసి అల్లుడు కంగారు పడ్డాడంటే తప్పు పట్టలేము.

తెలుగువాడు తాళానికి అవయవాలను ఆలోచించే పెట్టాడు. గుమ్మంలోకి చొచ్చుకుపోయేది నాలుక, దానిని వెనక్కి రప్పించేది చెవి. చెవి ఉన్న తాళం చెప్పిన మాట వింటుంది. ఈ కొత్త తాళానికి నాలుక ఉన్నది కాని చెవి కనబడదు. కింద ఒక చిన్న మూత పక్కకు జరిపితే ఆపద సమయంలో చెవి దూర్చే కన్నం ఉన్నదని, అందుకోసం రెండు చెవులు డబ్బాలో పెట్టామని, వాటిని ఇంటి బయట నమ్మకమైన చోట ఉంచుకోవాలని కరపత్రంలో రాశారు. అంతకంటే నమ్మకమైన చోటు లోకంలో లేదని మా ఆవిడ ఆ రెండు చెవులనూ బీరువాలో పెట్టి, బీరువా తాళాలను బొడ్డున దోపుకుంది. బీరువా ఎక్కడ ఉన్నదో చెప్పనవసరం లేదు.

బిగించడమే పెద్ద శస్త్రచికిత్స అయింది. మా తాళం 55 మిల్లీమీటర్ల మందం దాకా ఉన్న తలుపులకే సరిపోతుందట. మా తాతగారి తలుపు రెండున్నర అంగుళాలు, అంటే 63 మిల్లీమీటర్ల పైచిలుకు. పూర్వం తలుపును చూసి తాళం చేసేవారు, ఇప్పుడు తాళాన్ని చూసి తలుపును చేసుకోవాలి. ఎడమ రెక్కను పైనా కిందా గడియలు వేసి కదలకుండా చేసి, దానినే గుమ్మంగా భావించమని తాళానికి నచ్చజెప్పారు. కుడి రెక్కను ఉలితో చెక్కి పల్చన చేస్తూ వడ్రంగి మేస్త్రి, "దొంగ రాకుండానే అంగుళంలో మూడో వంతు తలుపు పోయిందండీ" అన్నాడు. ఆ వాక్యాన్ని నేను అల్లుడికి చేరవేయలేదు.

భోగి నాడు పిల్లలు పిడకల దండలు మంటలో వేస్తుంటే, అల్లుడు అరుగు మీద కూర్చుని తాళానికీ వైఫైకీ సంబంధం కుదిర్చే పనిలో పడ్డాడు. ఈ జాతి తాళాలకు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే అందుతాయి, 5 గిగాహెర్ట్జ్ అందవు. మా రౌటరేమో రెండింటినీ ఒకే పేరుతో వదులుతుంది. ఆ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టేసరికి మధ్యాహ్నమైంది, నలభై రకాలూ చల్లారిపోయాయి. ఇక ముప్పై సెకన్లు కాగానే తనంత తానే పడిపోయే సుగుణం ఒకటి ఈ తాళానికి ఉన్నది. తలుపు మూసి ఉన్నదో లేదో దానికి తెలియాలంటే ఎదుటి రెక్కకు ఒక అయస్కాంతపు ముక్క అంటించాలి, అది డబ్బాలోనే ఉండిపోయింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మేమంతా బయలుదేరుతుండగా, బార్లా తెరిచి ఉన్న తలుపులోంచి ఆ నాలుక గాలిలోకి బయటికి వచ్చి, వీధిన పోయేవాళ్లందరినీ వెక్కిరిస్తూ నిలబడిపోయింది. తాళం వేసి గొళ్లెం మరిచినవాడిని చూసి మన పెద్దలు నవ్వుకున్నారు కాని, అసలు తలుపే వేయకుండా తాళం వేసుకునే ఘనుడు పుడతాడని వారు ఊహించలేదు.

వేలిముద్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ నల్లని పలక మన వేలి గీతల మిట్టపల్లాలను విద్యుత్తులో తేడాను బట్టి కొలిచి, ముందు దాచుకున్న ముద్రతో పోల్చుకుంటుంది. మిట్టలు అరిగినా, పల్లాలు తడితో నిండినా పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. కొబ్బరి దింపు తీసేవారి చేతులకూ, కాయ వలిచేవారి చేతులకూ గీతలు నిలవవన్న సంగతి రేషను దుకాణంలో యంత్రం ముందు నిలబడినవారందరికీ తెలుసు. మా ఆవిడ బొటనవేలు నలభై ఏళ్లుగా చింతపండు పిసుకుతూ, కత్తిపీట మీద కూరలు తరుగుతూ రోజుకొక కొత్త ముద్రను సంతరించుకుంటున్నది. ఒకే వేలిని వేర్వేరు కోణాల్లో, తడిగా ఒకసారి, పొడిగా ఒకసారి నమోదు చేస్తే ఫలితం ఉంటుందని విని, ఆమె కుడి బొటనవేలిని ముగ్గురు వేర్వేరు మనుషులుగా తాళానికి పరిచయం చేశాం. అప్పటి నుంచి ఆమె ఉదయం మొదటి ఆవిడగాను, వంటయ్యాక రెండవ ఆవిడగాను లోపలికి వస్తున్నది. మూడవ ఆవిడ ఇంతవరకు రాలేదు.

వేలు పనిచేయకపోతే ఆరంకెల రహస్య సంఖ్య నొక్కవచ్చు. ఐదుసార్లు తప్పు నొక్కితే మాత్రం మా తాళం మూడు నిమిషాలు మాట్లాడటం మానేస్తుంది. గోడ కుర్చీ వేయించే మాస్టారికి కూడా అంత పట్టుదల ఉండదు. సంఖ్యను మరిచిపోతానన్న భయంతో మా ఆవిడ దానిని అరుగు మీద తగిలించిన క్యాలెండరులో, పాల లెక్క రాసే గళ్లలో, ఆరు రోజులకు ఆరంకెలుగా వేసింది. ఆ పథకం ఎంత గొప్పదంటే, నేను కూడా కనిపెట్టలేకపోయాను. నెలాఖరున పాలబ్బాయి వచ్చి క్యాలెండరు చూసి, "పదమూడో తారీకున తొమ్మిది లీటర్లు పోసిన గుర్తు నాకు లేదండీ, అయినా మీరు రాశారంటే పోసే ఉంటానండీ" అని డబ్బులు అడిగాడు. రహస్యం బయటపెట్టడమా, తొమ్మిది లీటర్ల ధర ఇచ్చుకోవడమా అన్న మీమాంసలో మేము భద్రతకే ఓటు వేశాం.

ఇక దాని నోటి తీరు. తిట్టేటప్పుడు కూడా 'అండి' వదలని సీమలో ఉంటూ, ఈ తాళం తన యజమానితో ఇంగ్లీషులో, అదీ ఏకవచనం లాంటి గొంతుతో మాట్లాడుతుంది. పిలిస్తే 'ఆయ్' అనదు. దీని గురించి ఇంతకంటే రాయడం నా మర్యాదకు తగదు.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు, వెనకాలే వానలు పట్టాయి, తలుపు ఉబ్బింది. చెమ్మ పీల్చిన చెక్క అడ్డంగా ఉబ్బుతుందన్నది డెల్టాలో కొత్త సంగతి కాదు. ప్రతి శ్రావణంలోనూ మా తలుపును కుడి చేత్తో గుబ్బ పట్టి కొంచెం పైకెత్తి, మోకాలితో చిన్న పోటు పొడిచి తీయడం మా ఇంట్లో ఐదో తరగతి పిల్లలకు కూడా అలవాటే. మోటారుకు మోకాలు లేదు. నాలుక ఎదుటి రెక్కలోని ఇనుప రేకు అంచుకు ఒరుసుకోగానే అది రెండుసార్లు గుర్రుమని, మూడోసారి మూలిగి, ఎర్రదీపం వెలిగించి చేతులెత్తేస్తుంది. కంపెనీవారికి ఫోన్ చేస్తే, ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. ఆ బొత్తం ఎక్కడ ఉన్నదని అడిగితే, తలుపు లోపలి వైపున బ్యాటరీల మూత కింద ఉన్నదన్నారు. నేను బయట ఉన్నానని మనవి చేసుకుంటే, లోపలికి వెళ్లాక చేయమన్నారు. చివరికి మేస్త్రి వచ్చి ఆకురాయితో రేకు కన్నాన్ని రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే, ఎండగా ఉన్న రోజుల్లో మాత్రం పనిచేయడం మొదలుపెట్టింది.

బ్యాటరీల విషయంలో తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఈ తాళం నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది; ఆల్కలైన్‌వే వేయాలని రాసి ఉన్నది. పొదుపు కోసం నేను ఛార్జింగ్ పెట్టుకునేవి వేశాను. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, ఇవి 1.2 వోల్టులు. నిండా ఛార్జి చేసి వేసినా తాళం వాటిని సగం అయిపోయినవిగానే లెక్కగట్టి, వేసిన రోజు నుంచే బ్యాటరీ తగ్గిపోతున్నదని హెచ్చరికలు పంపింది. మరి మాకెందుకు తెలియలేదని పాఠకులు అడగవచ్చు. ఆ హెచ్చరికలు హైదరాబాదులో ఉన్న అల్లుడి ఫోనుకు వెళ్లాయి. మా అత్తాకోడళ్లు తులసికోటకు నీళ్లు పోయడానికి తలుపు తీసిన కబుర్లతో పాటు ఈ నాన్నా పులి కూడా రోజూ వినపడుతుంటే, అతను విసుగెత్తి ఆ మోత ఆపుకున్నాడు. ధవళేశ్వరంలో నీరు పెరుగుతుంటే చార్మినార్ దగ్గర దండోరా వేయించడం లాంటి ఈ ఏర్పాటులో, సాంకేతికంగా మూడు హెచ్చరికలూ జారీ అయినట్లే.

శ్రావణ శుక్రవారం నాడు ఆ పులి నిజంగానే వచ్చింది. ఎగువన వానలు పడి, బ్యారేజీ 175 గేట్లూ ఎత్తి నీటిని సముద్రంలోకి వదులుతున్నారని వార్తల్లో చెబుతున్న రోజది. మా కోడలు పుట్టింట్లో ఉంది. మా ఆవిడ పేరంటం నుంచి వాయనం శనగలు కొంగున కట్టుకుని, కాళ్లకూ చేతులకూ పసుపుతో వచ్చి అరుగు మీద నిలబడింది. తాళం ఆమెను మొదటి ఆవిడగా గాని, రెండవ ఆవిడగా గాని, మూడవ ఆవిడగా గాని పోల్చుకోలేదు, దీపమే వెలగలేదు. ఊళ్లో కరెంటు లేదు, రౌటరు ఆరిపోయింది, కాబట్టి అల్లుడు హైదరాబాదు నుంచి తెరిచే దారీ మూసుకుపోయింది. నూట డెబ్బై అయిదు గేట్లు ఎత్తారు, మన ఒక్క తలుపు తీయలేరా అని మా ఆవిడ నన్ను అడిగింది. నేను నీటిపారుదల శాఖలో పని చేయలేదు.

తాళం కింది అంచున ఉన్న రెండు లోహపు చుక్కలకు 9 వోల్టుల బ్యాటరీ ఆనిస్తే కాసేపు ప్రాణం వస్తుందని కరపత్రంలో చదివిన గుర్తు. అలాంటిది ఊరు మొత్తానికి ఒకే చోట ఉన్నది, అది రామాలయంలో సామూహిక వ్రతం జరుగుతున్న మైకులో. మైకు సెట్టు కుర్రాడు పెద్ద మనసుతో చేతి మైకు తెరిచి ఆ చదరపు బ్యాటరీ తీసి ఇచ్చాడు. వ్రతకథలో చారుమతికి కల వచ్చే ఘట్టం దగ్గర పంతులుగారి గొంతు ఆగిపోయింది. తెచ్చి ఆనించాను. దీపం వెలిగింది. పసుపు వేలు ఒప్పుకోలేదు. క్యాలెండరు చూసి సంఖ్య నొక్కాము, ఒప్పుకుంది. మోటారు గుర్రుమంది, ఒరుసుకుంది, మూలిగింది, ఎర్రదీపం వెలిగించింది.

సరిగ్గా అప్పుడు తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె, గుబ్బ పట్టి కాస్త పైకెత్తి, నడుముతో ఒక పోటు పొడిచి, లోపలి మరను చేత్తో తిప్పి తలుపు తీసి, "ఎవరోనండీ, మూలుగు వినపడితేనూ" అన్నది. లోపలికి ఎలా వచ్చావని అడిగాను. నాలుగేళ్లుగా వస్తున్నట్టే వచ్చానన్నది: వంటింటి కిటికీ ఊచల మధ్య చెయ్యి పెట్టి, కొబ్బరీనెతో దొడ్డి తలుపు గడియ లేపుకుని.

కరెంటు వచ్చాక కబురంతా ఒక్కసారిగా అల్లుడి ఫోనుకు చేరింది. "కంగారు పడకండి మావయ్యగారూ, వచ్చే సంక్రాంతికి దొడ్డి తలుపుకు కూడా ఒకటి తెస్తాను" అని ధైర్యం చెప్పాడు. నిన్న మేస్త్రి వచ్చి దొడ్డి తలుపు మందం కొలిచి, ఎంత చెక్కాలో గీత గీసి వెళ్లాడు. కిటికీ ఊచలు కూడా దగ్గరగా వేయించమంటారా అని అడిగితే, వాటి జోలికి మాత్రం పోవద్దని చెప్పాను.