విద్యార్థుల కళ మూడునాళ్ల ముచ్చటేనా?

విశాఖలో చదువుల ఏడాది ముగిసే వేళకు లలితకళలు, డిజైన్ విద్యార్థులు తమ పనులను ప్రదర్శనకు పెడుతుంటారు. అది రెండు మూడు రోజుల కార్యక్రమం. మొదటి రోజు అతిథులు వచ్చి జ్యోతి వెలిగిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత వచ్చేది చాలావరకు తోటి విద్యార్థులే. అలాంటిదొకటి జరిగిందని ఊళ్లో ఎక్కువమందికి తెలియనే తెలియదు. పిల్లలు ఏడాది పొడవునా పడ్డ శ్రమకు ఇది న్యాయం కాదన్నది మా గట్టి అభిప్రాయం.

అలాంటి ప్రదర్శనలో ఒక చెక్కబొమ్మ దగ్గర కాసేపు నిలబడితే ఆ శ్రమ ఏమిటో తెలుస్తుంది. మన పక్కనే ఉన్న ఏటికొప్పాక ఊరి లక్కబొమ్మల పనినే తీసుకుందాం. లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. అక్కడికి వెళ్లే డిజైన్ విద్యార్థి చేతిపనితో పాటు ఇంకా చాలా నేర్చుకోవాలి. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా హాని చేయని రంగు ఏది? అంచు గుచ్చుకోకుండా ఎంత నున్నగా తీయాలి? ఆ చిన్న గుప్పిట్లో ఇమడాలంటే ఎంత లావుండాలి? పూర్తయిన బొమ్మ పక్కన తొలి స్కెచ్చులను, పగిలిపోయిన నమూనాలను కూడా పెడితే, చేసిన విద్యార్థే నిలబడి వివరిస్తే, చూడవచ్చిన బడిపిల్లలకు అంతకన్నా మంచి పాఠం ఉండదు.

ఈ ఊరికి కళ కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు రోజ్‌వుడ్ మీద దంతం పొదిగి పెట్టెలు, కుర్చీలు, బల్లలు చేస్తే ఈస్టిండియా కంపెనీ దొరలు ఓడలకెక్కించుకుపోయారు. వాటిలో కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈనాటికీ ఉన్నాయి. ఊరి పేరైతే నిలిచింది గానీ, చేసినవాళ్ల పేర్లు మనదాకా రాలేదు. అదే ముప్పై ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలను రాజమండ్రి పోగొట్టుకోలేదు. ఆయన పేరిట గ్యాలరీ పెట్టి కాపాడుకుంది. విశాఖ ఆ దారిలో నడవాలి.

ప్రదర్శన అయ్యాక ఈ పనులన్నీ ఎక్కడికి పోతున్నాయి? కాన్వాసులు చుట్టలు చుట్టి హాస్టల్ మంచాల కిందకు చేరతాయి. మట్టి బొమ్మలు బస్సు ప్రయాణంలో పగులుతాయి. మన సముద్రపు గాలికి కాగితం మెత్తబడి బూజు పడుతుంది, ఇనుప శిల్పానికి తుప్పు పడుతుంది. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నాన్ని గీసింది కౌతా రామమోహన శాస్త్రి అనే చిత్రకారుడు. చిత్రకారుడి గీతను తన గుర్తుగా పెట్టుకున్న విశ్వవిద్యాలయమే ఈ విషయంలో ముందు నడిస్తే బాగుంటుంది. ఏటా కొన్ని పనులనైనా విద్యార్థుల దగ్గర డబ్బిచ్చి కొనాలి. మెమెంటోతో, శాలువాతో సరిపెడితే కాదు. రంగులు, కాన్వాసు, చెక్క, ప్రింట్ల ఖర్చుకే ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ పడతారో అధ్యాపకులకు తెలియనిది కాదు.

నగర పాలక సంస్థకూ ఇందులో పనుంది. 2016 నౌకాదళ ఫ్లీట్ రివ్యూ, 2023 జీ20 సమావేశాల వంటి సందర్భాలు వచ్చినప్పుడు గోడలకు రంగులు వేయించడం మనం చూశాం. ఇకపై అలాంటి పనుల్లో కొంత భాగం విద్యార్థులకు ఇవ్వాలి. కూలి గిట్టేలా ఇచ్చి, గోడ మీద వాళ్ల పేర్లు కూడా రాయించాలి. రూట్ నంబరు దూరానికే కనబడే బస్టాప్ బోర్డు, పెద్దవాళ్లు చదవగలిగే ఆసుపత్రి దారి సూచికలు డిజైన్ విద్యార్థులకు అప్పగించదగ్గ పనులే.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కాకపోవచ్చు. కానీ ప్రదర్శన తేదీలు మార్చడానికి పెద్దగా ఖర్చేమీ ఉండదు. ఈసారి రెండు ఆదివారాలు కలిసొచ్చేలా పది రోజులు పెట్టండి. డ్యూటీ దిగి వచ్చే స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉద్యోగులు కుటుంబంతో చూసేలా రాత్రి ఎనిమిది దాకా తలుపులు తెరిచి ఉంచండి. గేటు దగ్గర ఐడీ కార్డు అడగకుండా లోపలికి పంపమని సెక్యూరిటీకి ముందే చెప్పండి. ప్రతి పని కింద విద్యార్థి పేరు, ఊరు, వాడిన సరుకు తెలుగులో రాయించండి.