"ఫార్మాట్ చేస్తే కొంత తగ్గుతుందిలే" అనే మాటను ఇక నమ్మకండి

మా బావకు తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల మీదే బతుకు. నిరుడు మాఘమాసం ముహూర్తాలకు ముందు 4 టీబీ హార్డ్ డిస్క్ కొని, కొన్న చోటే కంప్యూటర్‌లో పెట్టించుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే 2 టీబీయే కనిపించింది. ఫోన్ చేసి అడిగితే "ఫార్మాట్ చేశాక కొంత తగ్గుతుంది సార్, ఏ కంపెనీదైనా అంతే" అన్నారట. బావ నమ్మాడు. శ్రావణం వచ్చేసరికి డిస్క్ నిండిపోయింది. చోటు చాలక మూడు పెళ్లిళ్ల ఒరిజినల్ ఫుటేజీ చెరిపేశాడు.

దసరాకు వెళ్లినప్పుడు నేను విండోస్‌లో డిస్క్‌ల వివరాలు చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూశాను. 2048 జీబీ వాడుకలో ఉంది. దాని పక్కనే నల్ల పట్టీ కింద 1678 జీబీ ఖాళీగా పడి ఉంది. రైట్ క్లిక్ చేస్తే, ఆ చోటును వాడుకలోకి తెచ్చే కొత్త వాల్యూమ్ అనే ఆప్షన్ పనిచేయదు. డబ్బు పెట్టి కొన్న చోటు కళ్ల ముందే ఉండగా ఆ పెళ్లిళ్ల ఫుటేజీ పోయింది. అప్పటినుంచీ ఆ "కొంత తగ్గుతుందిలే" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతోంది.

నిజానికి ఫార్మాట్ వల్ల పోయేది చాలా తక్కువ. అంకె తగ్గి కనిపించడానికి కారణం లెక్క. డిస్క్ తయారుచేసేవాళ్లకు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ అవే బైట్లను వెయ్యితో కాకుండా 1024తో భాగిస్తూ పోయి, చివర మాత్రం జీబీ అనే రాస్తుంది. అందుకే 1 టీబీ డిస్క్ 931 జీబీగా, 2 టీబీది 1863గా, 4 టీబీది 3726గా కనిపిస్తాయి. అక్కడ ఒక్క బైటు కూడా పోలేదు. 1024 లెక్కకు గిబీబైట్ అని వేరే పేరు 1998లోనే పెట్టారు. ఆపిల్ 2009లో తన మ్యాక్‌లలో వెయ్యి లెక్కకు మారిపోయింది. విండోస్ మాత్రం ఇప్పటికీ ఒక లెక్క చేసి ఇంకో లెక్క పేరు రాస్తోంది. నా దృష్టిలో తప్పు విండోస్‌దే. తగ్గడం మామూలే అని జనానికి అలవాటు చేసింది ఇదే. ఆ అలవాటు వల్లే సగం డిస్క్ మాయమైనా ఎవరూ గట్టిగా అడగడం లేదు.

బావ డిస్క్‌లో జరిగింది వేరు. కొత్త డిస్క్ పెట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే విండోస్ ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని అడుగుతుంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో రాసుకునే పద్ధతులు ఇవి రెండూ. ఎంబీఆర్ 1983 నాటి పద్ధతి. అందులో సెక్టార్ (డిస్క్‌ను విభజించిన చిన్న గది) నంబరు రాయడానికి 32 బిట్లే ఉంటాయి. ఊరి ఇళ్ల పుస్తకంలో నంబరుకు మూడు గళ్లే ఉంటే వెయ్యో ఇంటికి నంబరు ఎలా వేస్తారు? ఇదీ అంతే. సుమారు 429 కోట్ల సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, అంటే విండోస్ లెక్కలో సరిగ్గా 2048 జీబీ. ఆ తర్వాతి చోటుకు నంబరే లేదు. కాబట్టి తెర మీద 2048 కనిపిస్తే డిస్క్‌ను అనుమానించకండి. ఎంబీఆర్ ఎంచుకున్నారేమో చూడండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ తెరిస్తే అక్కడ రాసి ఉంటుంది.

అందుకే నేను అంకె చూడమంటాను. 3 టీబీ డిస్క్ 746 జీబీ అని చూపిస్తే కథ ఇంకొకటి. 3 టీబీకి విండోస్‌లో రావాల్సిన 2794లోంచి 2048 తీసేస్తే మిగిలేది 746. అంటే మధ్యలో ఉన్న పాత యూఎస్‌బీ కేసో, పాత డ్రైవరో 2048 దాటాక మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టిందన్నమాట. మార్చాల్సింది దాన్ని. కొత్త డిస్క్‌ను వాపసు ఇవ్వనక్కర్లేదు. ఇక రెండు వేలకు 16 టీబీ ఎస్ఎస్‌డీ అని అమ్మేవి మరీ ఘోరం. అంకె పూర్తిగా చూపిస్తాయి, లోపల అంత చోటే ఉండదు. నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి. ఇలాంటివాటిని హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో చివరిదాకా నింపి చూడకుండా ఒక్క ఫొటో కూడా పెట్టకండి.

బావ డిస్క్‌ను బాగుచేయడానికి కావాల్సింది రెండు కమాండ్లే. కానీ డిస్క్ నిండా డేటా ఉంది. ఇంకో డిస్క్ అరువు తెచ్చి రాత్రంతా కాపీ చేశాం. పొద్దున విండోస్‌లో కమాండ్లతో డిస్క్‌లను సర్దే డిస్క్‌పార్ట్ తెరిచి, డిస్క్ నంబరు, సైజు రెండుసార్లు సరిచూసుకుని (తప్పు నంబరు కొడితే వేరే డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది), క్లీన్, ఆ తర్వాత కన్వర్ట్ జీపీటీ కొట్టాను. నిమిషం కూడా పట్టలేదు. కొన్న రోజే ఎవరైనా ఈ పని చేసి ఉంటే ఆ మూడు పెళ్లిళ్లూ ఉండేవి. విండోస్ ఎక్కించే డిస్క్ జీపీటీలో ఉండాలంటే కంప్యూటర్‌లో యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరం ప్రోగ్రామ్) ఉండాలి. ఇలా డేటా దాచుకునే డిస్క్‌కు అది కూడా అక్కర్లేదు. కాబట్టి 2 టీబీకి మించిన డిస్క్‌కు ఈ రోజుల్లో ఎంబీఆర్ పెట్టడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. అంత పెద్ద డిస్క్ చూసి కూడా విండోస్ "ఇలా చేస్తే సగం చోటు పోతుంది" అని పెద్ద అక్షరాల్లో ఎందుకు చెప్పదు? అమ్మేవాళ్లు బిల్లు ఇచ్చే ముందు ఒక్కసారి తెర చూపించి ఎందుకు పంపరు?

ఇప్పుడు బావ డిస్క్ 3.63 టీబీ చూపిస్తోంది. 4 టీబీకి రావాల్సిన అంకె అదే. మీ ఇంట్లో 2 టీబీకి మించిన డిస్క్ ఉంటే ఈ రాత్రే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. లెక్క కుదరకపోతే కింద కామెంట్‌లో డిస్క్ సైజు, తెర మీద అంకె రెండూ రాయండి. ఎక్కడ తేడా ఉందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.