బరువే దాని బలం, కానీ జేబులో కాదు

బక్ 110 లాంటి బరువైన మడత కత్తికి ఈ రోజుల్లో పనే లేదన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. 1964 నుంచి అమెరికాలో అమ్ముతున్న ఈ కత్తి దాదాపు 200 గ్రాములు ఉంటుంది. ప్యాంటు జేబులో వేస్తే జేబు వేలాడుతుంది, కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది. తెరవడానికి రెండు చేతులూ కావాలి. డబ్బాలు కోయడానికైతే నైలాన్ పిడి ఉన్న దీని తేలిక రకం 110 ఎల్‌టీ చాలు, బరువు సగానికంటే తక్కువ.

కానీ క్యాంపింగ్‌లో చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు, మందమైన తాడు కోస్తుంటే పిడికున్న ఇత్తడి బరువు చేతికిచ్చే పట్టు వేరు. వెనకవైపు లాక్ ఉంటుంది కాబట్టి అలుగు వేళ్ల మీదకు మడుచుకుంటుందన్న టెన్షన్ తక్కువ. నేను బెల్టుకు తోలు ఒరలో పెట్టుకుంటాను, అప్పుడు బరువు తెలియదు. నెలల తరబడి ఒరలోనే వదిలేయకండి, తోలు తగిలి ఇత్తడికి చిలుము పడుతుంది.

ఇంగ్లండ్ వెళ్లే మనవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ లాక్ పడే కత్తిని సరైన కారణం లేకుండా బయట వెంట ఉంచుకోవడం నేరం, అలుగు ఎంత చిన్నదైనా సరే.