నెమరు వేస్తే సున్నా మార్కులు

మా మేనల్లుడి ఐక్యూ 82 అట. పొద్దున్నే చెల్లి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, వాడికేదో రోగం బయటపడినట్టు. ఒడిశా పర్లాకిమిడిలో మా బావ కిరాణా కొట్టులో ఆ ఏడేళ్ల వెధవ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. 137 రూపాయల సరుకుకి 200 ఇస్తే, మనం లెక్క కట్టేలోపే 63 చేతిలో పెడతాడు. కొట్టుకొచ్చిన వాళ్లతో ఒడియా, అమ్మమ్మతో తెలుగు, సంతకొచ్చే సవరలతో నాలుగు సవర ముక్కలు. అయినా వాడు 'లో యావరేజ్'. కాగితం మీద రాశారు కదా, నమ్మాలి!

స్కూల్లో పరీక్ష పెట్టినావిడకి తెలుగు రాదు. ఆవుకీ మేకకీ పోలిక ఏంటని ఇంగ్లీషులో అడిగిందట. వీడు ఠక్కున "రెండూ నెమరేస్తాయి" అన్నాడు. నెమరంటే ఏంటో ఆవిడకి తెలీదు, సున్నా వేసింది. "యానిమల్స్" అనాలట. ఏవండీ, ఇందులో తెలివి తక్కువ ఎవరిది?

1905లో పారిస్‌లో బినే అనే సైకాలజిస్టు, సైమన్ అనే డాక్టరు ఈ తెలివి పరీక్ష మొదలుపెట్టింది బడిలో వెనకబడిన పిల్లల్ని కనిపెట్టి సాయం చెయ్యడానికి. తెలివి పెరగని సరుకు కాదని బినే మొత్తుకున్నాడు కూడా. అమెరికా వాళ్ల చేతిలో పడింది, ఇంకేముంది. 1913లో న్యూయార్క్ రేవులోని ఎలిస్ ఐలాండ్‌లో ఓడ దిగిన వలసవాళ్లని గొడ్డార్డ్ అనే సైకాలజిస్టు మనుషులు దుబాసీల్ని పెట్టి ప్రశ్నలడిగి, చాలామందిని మందబుద్ధులని తేల్చేశారు. ఇప్పుడేమో 100ని సగటుగా పెట్టి, మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్య పడేలా సర్దుతారు. అదే వయసు పిల్లలతో పోలుస్తారట. ఏ పిల్లలతో? నెమరన్న మాటే వినని వాళ్లతోనా?

సరే, అదీ భరిస్తాను. చివర్లో ఆ పరీక్ష పెట్టినావిడ "ఇంట్లో తెలుగు తగ్గించండి" అందట. మా బావ తలూపి వచ్చాడు! సవర పిల్లలకి చదువు చెప్పాలని ముందు తనే సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు తిరిగిన ఊరండీ ఇది. 1936లో ఒడిశాలో కలిపారు, ఆ గొడవ వదిలేద్దాం. ఎనిమిదో తరగతిలో ఒడియా మీడియంలో పడ్డప్పుడు నన్నూ ఆఖరి బెంచీలోకే తోశారు. ఆంధ్రాలో పాతపట్నంలో పెళ్లికెళ్తే చుట్టాలు "మీ తెలుగేంట్రా ఇలా ఉంది" అని నవ్వుతారు. ఇక్కడ తెలుగు ఎక్కువైంది, అక్కడ చాల్లేదు. ఆ నవ్విన వాళ్లలో ఒక్కడికైనా మూడు భాషల్లో చిల్లర లెక్క చెప్పడం వచ్చా?

బావా, ఈ పోస్ట్ చూసి చూడనట్టు ఊరుకుంటావని తెలుసు. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు చేశాను. ఫోన్ ఎత్తు.