నిమ్మకాయలు, థర్డ్ పార్టీ, మా బామ్మర్ది

బండికి ఇన్సూరెన్స్ ఎంచుకోవడం ఎంత బాధ్యతగల పనో మా బామ్మర్దిని చూశాకే తెలిసింది. వాడు పెళ్లి సంబంధం కూడా ఇంత విచారించి చేసుకోలేదు. మూడు రోజులు, నాలుగు యాప్‌లు, ఒక నోటుపుస్తకం, గీతలు కొట్టి మరీ పోల్చాడు. మూడో రోజు రాత్రికి తేలిందేమంటే, అన్ని చోట్లా ఒకటే రేటు! వాడు వెతికింది థర్డ్ పార్టీ, అంటే మన బండి గుద్దితే ఎదుటివాడికి వచ్చే ఇన్సూరెన్స్. దాని ధర కంపెనీల చేతిలో ఉండదు, ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ నుంచి 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఈ ముక్క నేను మొదటి రోజే చెప్పా. "నీకు తెలీదులే బావా, ఎక్కడో ఒక చోట ఆఫర్ ఉంటది" అన్నాడు.

మరి మన బండి నష్టానికీ పనికొచ్చే ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు వద్దురా అంటే, "బండికి ఏమన్నా అయితే మెకానిక్ ఉండాడు, పోలీసోళ్లు ఆపితే ఎవరుండారు?" అన్నాడు. నవ్వకండి, ఇందులో గొప్ప ఆర్థికశాస్త్రం ఉంది. కాగితం లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000, మళ్లీ దొరికితే 4,000, చట్టంలో మూడు నెలల జైలు మాట కూడా రాసుంది. కాబట్టి మా నెల్లూరులో ఇన్సూరెన్స్ చేయించేది వీఆర్‌సీ సెంటర్‌లో చెయ్యి అడ్డం పెట్టే కానిస్టేబుల్ కోసం. బండిని కాపాడే పని కొన్న రోజే నిమ్మకాయలకి అప్పగించేస్తాం. నిమ్మతోటల గూడూరు, పొదలకూరు పక్కనే పెట్టుకుని ఇంకొకరి మీద ఆధారపడటం ఏం మర్యాద? టైరు కింద రెండు కాయలు, ఒక్కసారే ప్రీమియం, జీవితకాలం చెల్లుబాటు, నష్టం లెక్కకట్టే సర్వేయర్ రానే రాడు.

ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్‌లో బండికి కట్టే విలువ విషయంలోనూ మా వాళ్లది పక్కా లెక్క. బండి అయిదో ఏట ఉంటే ఎటూ విలువ సగానికి పడిపోతుంది, ప్రీమియం ఓ యాభై తగ్గుతుందంటే దాన్ని ఇంకా కిందికి నొక్కమంటారు. అదే బండిని వచ్చే వారం అమ్మకానికి పెట్టినప్పుడు చూడాలి, "సింగిల్ హ్యాండ్ అన్నా, పువ్వులా చూసుకున్నా" అని కొత్త బండి ధర చెప్తారు.

అన్నిటికంటే పెద్ద మేధావి మా మేనమామ కొడుకు. 2019లో షోరూమ్‌లో బండి కొన్నాడు, కాగితం మీద 5 ఏళ్లు అని కనబడింది, ఇంక 2024 దాకా చింత లేదని బీరువాలో పెట్టి తాళం వేశాడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి 5 ఏళ్లు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీకి, అంటే వీడు గుద్దితే ఎదుటివాడికి. వీడి బండికి ఉన్న కవర్ ఒక్క ఏడాదే. అది ఎప్పుడు తెలిసిందంటే, 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి, భగత్ సింగ్ కాలనీలో వీడి బండి అద్దాల దాకా మునిగాక. బీరువా కూడా మునిగింది, అది వేరే సంగతి.

పక్కింటాయనకి మాత్రం ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఏటా కట్టాడు, వరద కూడా అందులో ఉంది. కాలనీలో ఆయన్ని అందరూ అసూయగా చూస్తుండగా, నీళ్లు తగ్గగానే బురదలోకి దిగి బండి కిక్కు కొట్టాడు. ఒకటి కాదు, ఇరవై కొట్టుంటాడు. నీళ్లు పోయిన ఇంజిన్ని స్టార్ట్ చేస్తే పోయేది ఇంజినే. సర్వేయర్ వచ్చి ఎంతో మర్యాదగా వివరించాడట, అది వరద చేసిన నష్టం కాదు సార్, మీ కాలు చేసిన నష్టం, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా కట్టుంటే చూసేవాళ్లం అని. మిగతా ప్లాస్టిక్ సామాన్లకి సగం కోత, అరుగుదల కోత లేకుండా ఇచ్చే బంపర్ టు బంపర్ కవర్ తీసుకోలేదు కదా. ఉన్నాయన, లేనాయన ఇద్దరూ పక్కపక్కనే బండ్లు తోసుకుంటూ ఒకే మెకానిక్ దగ్గరికి పోయారు.

మరుసటి ఏడు రొట్టెల పండగకి పక్కింటాయన బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి "క్లెయిమ్ రొట్టె, క్లెయిమ్ రొట్టె" అని గంటసేపు అడిగాడు. ఉద్యోగం రొట్టె ఇచ్చేవాళ్లు దొరికారు, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె కూడా దొరికాయి. అక్కడ పద్ధతి మీకు తెలుసుగా, ఏ కోరిక తీరినోళ్లు ఆ రొట్టె ఇవ్వాలి.