"మన పిల్లలు అలా కాదు" అట!

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే వాట్సాప్ మెసేజ్. మెక్సికన్లు సింకో డె మాయో (మే 5) పేరుతో తమ స్వాతంత్ర్య దినం అమెరికాలో చేసుకుంటారట, అంతా ఒకే జాతట, ఎన్ని తరాలైనా ఇంగ్లీషు రాదట, మెక్సికన్లమనే చెప్పుకుంటారట, "మన పిల్లలు మాత్రం అలా కాదు" అట. పంపినవాళ్లంతా నాలాగే డాలస్‌లో ఉంటున్నవాళ్లే. గడ్డి కోసే మనిషికి డబ్బులివ్వడం తప్ప ఏ మెక్సికన్‌తోనూ పట్టుమని పది నిమిషాలు మాట్లాడి ఉండరు.

సింకో డె మాయో 1862లో మెక్సికోలోని ప్వెబ్లా దగ్గర మెక్సికన్లు ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. అయిపోయింది.

ఒకే జాతి అన్న ముచ్చట అమెరికా వాళ్లకీ ఉండేది, 1930 జనగణనలో 'మెక్సికన్' అని విడిగా జాతి పెట్టి, గొడవయ్యాక 1940కి తీసేశారు. మెక్సికోలోని ఒవహాకా రాష్ట్రం నుంచి కాలిఫోర్నియా పొలాలకు వచ్చినవాళ్లలో ఇంట్లో మిష్టెక్, సపోటెక్ లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్లున్నారు, స్పానిషే వాళ్లకి రెండో భాష.

ఇక ఇంగ్లీషు. మా పక్కింటి మెక్సికన్ నానమ్మ వాకిట్లోంచి మనవడిని స్పానిష్‌లో పిలుస్తుంది, వాడు ఫోన్లోంచి తలెత్తకుండా ఇంగ్లీషులో బదులిస్తాడు. ఇలాంటి పిల్లల్ని వాళ్ల చుట్టాలే 'నో సాబో' అని ఏడిపిస్తారు, 'నాకు తెలీదు'కి 'నో సే' అనాల్సింది 'నో సాబో' అంటారు కాబట్టి. మీ లెక్కన వీళ్లకి ఇంగ్లీషు రాదు, చుట్టాల లెక్కన స్పానిష్ రాదు. పాపం, సైగలతో బతుకుతున్నారేమో! ఎన్ని తరాలైనా మెక్సికన్లమనే చెప్పుకుంటారంటారా, ప్యూ అనే పరిశోధన సంస్థ 2017లో చెప్పిన లెక్క చూడండి: లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లలో వలస వచ్చిన తరంలో 97 శాతం తమని హిస్పానిక్ (స్పానిష్ మూలాలవాళ్లం) అనుకుంటే, నాలుగో తరం, ఆ పైవాళ్ల దగ్గరికొచ్చేసరికి సగం మందే.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఇక్కడే పుట్టి కూడా 'మెక్సికన్' అని చెప్పుకునే పిల్లలు బోలెడుమంది. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు, కాగితాల్లేనివాళ్లకి బడీ వైద్యమూ ఆపే ప్రాపొజిషన్ 187ని గెలిపించారు. దానికి ముందూ తర్వాతా శాన్ డియేగోలో వలస కుటుంబాల పిల్లల్ని అడిగితే 'మెక్సికన్-అమెరికన్' అనేవాళ్లు తగ్గి, ఉత్త 'మెక్సికన్' అనేవాళ్లు పెరిగారు. ఇలాంటి మెసేజ్‌లు ఇంకో నాలుగు పంపండి, ఇంకా పెరుగుతారు.

మన పిల్లల సంగతా? నిన్న వీడియో కాల్లో అమ్మ "తిన్నావా బంగారం?" అంటే మా అమ్మాయి "యా, ఐ ఏట్" అంది. పుట్టింది ఇక్కడికి పది మైళ్ల దూరంలో. స్కూల్లో ఎవరైనా అడిగితే మాత్రం 'ఇండియన్' అంటుంది.