ఇంట్లోనే ఉన్నావుగా!

ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్ళు ఈ మాట రోజుకి ఎన్నిసార్లు వింటారో లెక్కపెట్టడం నేనెప్పుడో మానేశాను. "ఇంట్లోనే ఉన్నావుగా, మా పార్సిల్ వస్తే కాస్త తీసిపెట్టు." "ఇంట్లోనే ఉన్నావుగా, పిల్లాణ్ణి ఒక్క గంట చూసుకో, ఇట్టే వచ్చేస్తా." "ఇంట్లోనే ఉన్నావు కదే, ఫోన్ తియ్యడానికేం?" చివరిది మా అమ్మ. అనేవాళ్ళ తప్పేమీ లేదు, నిజంగా ఇంట్లోనే ఉన్నాను, కాకపోతే ఆ టైముకి నా ముందు ఎవరిదో 40 పేజీల ఆల్బమ్ తెరిచి ఉంటుంది, 19వ పేజీలో తాతగారి పక్కన ఎవరి ఫొటో పెట్టాలో తేలక అరగంట నుంచి అటూ ఇటూ జరుపుతూ ఉంటాను. అది చూసేవాళ్ళకి పనిలా కనపడదు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తున్న మనిషి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది మరి.

నాది ఫొటో ఆల్బమ్‌ల వ్యాపారం. వాళ్ళు ఫొటోలు పంపిస్తారు, నేను వాటిని ఏరి, వరసలో పెట్టి, పేజీలు డిజైన్ చేసి, ప్రింట్ వేయించి, ప్యాక్ చేసి పంపిస్తాను. ఓనరూ నేనే, గుమాస్తా నేనే, డబ్బాలకి టేపు వేసే మనిషీ నేనే. మన సంఘంలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు, చిన్న కంపెనీలకి లెక్కలు రాసిపెట్టేవాళ్ళు. నలుగురం కలిస్తే వచ్చే ప్రశ్న ఒకటే, "టైము ఎలా సరిపెట్టుకుంటున్నారండీ?" అని. పొద్దున్న ఐదింటికి లేవండి, ఫలానా యాప్ వాడండి అని చెబుతాననుకుంటారు. నేనేమో, సాయంత్రం పని ఎన్నింటికి ఆపుతారో ముందు అది తేల్చుకోండి అంటాను. వెంటనే మొహాలు మారిపోతాయి. పని చెయ్యడానికే టైము లేక చస్తుంటే ఈవిడ ఆపడం గురించి చెబుతుందేమిటి అని.

మొదటి రెండేళ్ళు నాకూ ఆపే టైము అంటూ ఏదీ లేదు. పొద్దున్న ఇల్లు సర్దుకుని పదిన్నరకి కూర్చునేదాన్ని, మధ్యలో లేచేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని, ఏది మిగిలినా "సర్లే, రాత్రి చూసుకుందాం" అనుకునేదాన్ని. ఒకసారి రాత్రి 11:40కి ఒక కస్టమర్ "మేలుకునే ఉన్నారా?" అని మెసేజ్ పెట్టారు. ఉన్నానని జవాబిచ్చాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ రోజు నుంచి ఆ ఆల్బమ్ పూర్తయ్యేదాకా ఆవిడకి ఏం గుర్తొచ్చినా అర్ధరాత్రే గుర్తొచ్చేది, నేనూ ఆ వేళప్పుడే మార్పులు చేసేదాన్ని. ఆల్బమ్ వెళ్ళింది. మూడో రోజున ఫోన్. 14వ పేజీలో ఉన్న ఫొటోనే 27వ పేజీలోనూ ఉంది, పైగా అట్ట మీద వాళ్ళ అమ్మాయి పేరులో ఒక అక్షరం తప్పు. "మీరు ఒకసారైనా చూసుకోలేదా అండీ?" అని ఆవిడ మెల్లగానే అడిగారు. చూశానండీ, రాత్రి ఒంటిగంటకి మూడుసార్లు చూశాను అని ఎలా చెప్పను? మొత్తం నా ఖర్చుతోనే మళ్ళీ ప్రింట్ వేయించి పంపాను.

ఆ రోజు కూర్చుని ఆలోచిస్తే అర్థమైందేమిటంటే, "ఇంట్లోనే ఉన్నావుగా" అని అందరికంటే ఎక్కువగా నాతో అంటున్నది నేనే. ఇప్పుడు కాకపోతే రాత్రి చెయ్యొచ్చు, ఇంట్లోనే ఉన్నాను కదా. ఆదివారం చెయ్యొచ్చు, ఎక్కడికి పోతాను?

ఇంటి నుంచి పనిచేస్తే ఎక్కువ పని పూర్తవుతుందని చెప్పడానికి అందరూ ఒక అంకె వాడుతుంటారు, 13 శాతం. అది స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చెప్పే నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో చేసిన ప్రయోగం. 2010 చివర్లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు చేశారు. ముందుకొచ్చిన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో పుట్టిన తేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసి కొందరిని ఇంటికి పంపి, కొందరిని ఆఫీసులోనే ఉంచారు. ఇంటికి వెళ్ళినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. అసలు సంగతి తర్వాత ఉంది. ఆ 13లో 9 వాళ్ళు షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచెయ్యడం వల్ల వచ్చింది, అంటే బ్రేకులు తక్కువ, జబ్బు సెలవులు తక్కువ. నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల వచ్చింది 4 మాత్రమే. ఇక్కడ షిఫ్టు అనే మాట చూడండి. వాళ్ళు ఇంట్లో ఉన్నారు, కానీ పని మొదలయ్యే టైమూ ముగిసే టైమూ కంపెనీ పెట్టినవే. పనికి విడిగా ఒక గది ఉన్నవాళ్ళనే తీసుకున్నారు, పైగా వారంలో ఒక రోజు ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు. మనకి ఇందులో ఏ ఒక్కటీ లేదు. గది లేదు, షిఫ్టు లేదు, చాలించమని చెప్పే సూపర్‌వైజరూ లేడు. అలాంటప్పుడు ఆ 13 శాతం మనకెలా వస్తుంది?

ఇంకోటి, ప్రయోగం అయ్యాక మళ్ళీ ఎవరిష్టం వాళ్ళు ఎంచుకోమంటే సగానికి పైగా మనసు మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోవడం అందులో పెద్ద కారణం. దాని గురించి వేరే వ్యాసమే రాయొచ్చు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

సరే, ఆపే టైము పెట్టుకుంటే ఏం జరుగుతుంది? నేను ఆరు అని పెట్టుకున్నాను. మొదటి వారం నరకం. ఆరయ్యేసరికి సగం పనులు అలాగే ఉండేవి, లేచి వెళ్ళిపోతుంటే చేతులు లాగేవి. రెండో వారంలో ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి గడియారం చూసి, ఇంకా మూడు గంటలే ఉందని ఉలిక్కిపడ్డాను. అంతకుముందు ఏనాడూ మూడింటికి నాకు ఆ టెన్షన్ పట్టలేదు, ఎందుకంటే మూడింటి తర్వాత పన్నెండింటి దాకా బోలెడు టైము ఉండేది. పనికి ఎంత టైము ఇస్తే అంత టైమూ మింగేస్తుందని పార్కిన్సన్ అనే ఆయన 1955లోనే ఎకానమిస్ట్ పత్రికలో వెక్కిరిస్తూ రాశాడు. ఆయన రాసింది ప్రభుత్వ కార్యాలయాల గురించి అనుకోండి, నా భోజనాల బల్లకీ బాగానే సరిపోయింది.

మూడింటికి ఆ ఉలికిపాటు వచ్చాక పొద్దున్న ఏం చేస్తున్నానా అని చూసుకోవడం మొదలుపెట్టాను. చాలా సిగ్గేసింది. లోగో రంగు మార్చడానికి ఒక పొద్దంతా. ఫోల్డర్లకి కొత్త పేర్లు పెట్టడానికి ఒక గంట. మిగతా వ్యాపారాలవాళ్ళ పేజీలు చూడడం, దానికి "మార్కెట్ చూస్తున్నా" అని పేరు. ఇవన్నీ చేస్తున్నంతసేపూ మహా బిజీగా ఉండేది. చెయ్యాల్సినవి మాత్రం రెండే, ఒకటి ఆగిపోయిన డిజైన్, రెండోది రావాల్సిన డబ్బు అడగడం. ఆ రెండో దాని నుంచి తప్పించుకోవడానికి నేను ఇల్లు మొత్తం తుడిచిన రోజులున్నాయి, ఒట్టు. డబ్బు అడగాలంటే నాకు అంత మొహమాటం. ఇప్పుడు కూర్చోగానే ఆ రోజుకి ఏది చెయ్యాలంటే కాస్త భయంగా ఉందో దాన్నే ముందు పట్టుకుంటున్నాను. ఫోన్ చేసి "మీ బ్యాలెన్స్ ఇంకా రాలేదండీ" అనడానికి పట్టేది రెండు నిమిషాలు, దాన్ని తప్పించుకోవడానికి రెండు రోజులు పట్టేది.

మెసేజ్‌ల సంగతి కూడా అంతే. వచ్చిన వెంటనే జవాబిస్తేనే మంచి పేరు అని నాకో నమ్మకం ఉండేది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక సంగతి చూపించారు, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుంది, దాంతో రెండోది సరిగ్గా సాగదు. ఆల్బమ్ పని చేసేవాళ్ళకి దీనికి పరిశోధన అక్కర్లేదు, ఒకే ఫొటో రెండు పేజీల్లో పడితే చాలు. ఇప్పుడు పన్నెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి చూస్తాను, ఆ సంగతి మొదటి మెసేజ్‌లోనే చెప్పేస్తాను. ఇన్నేళ్ళలో ఆ కారణంగా వెళ్ళిపోయిన కస్టమర్ నాకు తెలిసి ఒక్కరు. ఆవిడ ఉండి ఉంటే నేనే పోయేదాన్ని.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి అనే పద్ధతి ఒకటుంది, ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టింది. చాలామందికి పనికొస్తుంది. నాకు పనికిరాలేదు. డిజైన్‌లో చెయ్యి తిరగడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, అప్పుడే అది గంట కొడుతుంది. ప్యాకింగ్‌కి మాత్రం వాడతాను.

డెలివరీ తేదీలు చెప్పడంలో మనం అందరం దొంగలమే. దొంగలమంటే, ముందు మనల్ని మనం మోసం చేసుకునే రకం. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55కి పైనే. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు కూడా వాళ్ళు చెప్పింది 49 లోపే! నేను ఆల్బమ్‌కి ఐదు రోజులు చాలని చెప్పి ఎనిమిదో రోజు రాత్రి మేలుకున్న సందర్భాలు ఎన్నో. అందుకే నా అంచనాని నమ్మడం మానేసి, పాత ఆర్డర్లు నిజంగా ఎన్నేసి రోజులు పట్టాయో పుస్తకంలో చూసి అదే చెబుతున్నాను. తొమ్మిది రోజులంటే కొందరు మూతి విరుస్తారు. ఏడో రోజుకే అందితే వాళ్ళే పదిమందికి చెబుతారు.

ఆరింటికే ఆపండి అని నేను అందరికీ చెప్పడం లేదు. చంటిబిడ్డ ఉన్నవాళ్ళకి పని దొరికేదే బిడ్డ పడుకున్నాక, పగలు ఉద్యోగం చేసి రాత్రిళ్ళు సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఆ గంట రాత్రి తొమ్మిది కావొచ్చు, పదకొండు కావొచ్చు. ఆర్డర్లు మీద పడే సీజన్లో నేనూ రెండు వారాలు ఎనిమిది దాకా కూర్చుంటాను, కానీ ఆ రెండు వారాలు ఎప్పుడు అయిపోతాయో క్యాలెండర్లో ముందే గీత గీసి మరీ. గీత లేకపోతే ఆ ఎనిమిది మళ్ళీ పన్నెండు అవుతుందని నాకు అనుభవం.

ఆరింటికి లేచేముందు ఒక చిన్న చీటీ రాస్తాను. రేపు కూర్చోగానే ఏం చెయ్యాలో ఒక్కటి, అదీ వివరంగా. "ఆల్బమ్ పూర్తి చెయ్యాలి" అని కాదు, "22వ పేజీ, కుడి వైపు పెద్ద ఫొటో మార్చాలి, తర్వాత అట్ట మీద పేరు గట్టిగా చదవాలి" అని. దాన్ని లాప్‌టాప్ మూత మీద అంటిస్తాను. పూర్తికాని పనులు బుర్రలో తిరుగుతూనే ఉంటాయని మనకి తెలిసిందే, అయితే వాటిని ఎప్పుడు ఎలా చేస్తామో ఒక ప్లాన్ రాసుకుంటే చాలు, ఆ గోల తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రయోగాలు చేసి చూపించారు. పని పూర్తి కానక్కర్లేదు, రాసుకుంటే చాలు. ఈ చీటీ రాయని రోజు నాకు ఇప్పటికీ నిద్రలో 22వ పేజీ కనపడుతుంది.

ఇంట్లోవాళ్ళకి, చుట్టాలకి అలవాటవడానికే ఎక్కువ కాలం పట్టింది. "ఇప్పుడు పనిలో ఉన్నాను" అంటే ఎవరికీ ఎక్కేది కాదు, "ఆరింటికి అయిపోతుంది, ఆరు తర్వాత చెప్పండి" అంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆరు తర్వాత నిజంగానే తీరిగ్గా కూర్చుంటానని వాళ్ళకి నమ్మకం కుదిరాక పగలు ఫోన్లు వాటంతటవే తగ్గాయి. మా అమ్మ ఒక్కతే చాలాకాలం ఒప్పుకోలేదు. "నీకు ఆఫీసా పాడా, నీకు నువ్వే రూల్స్ పెట్టుకుంటావేంటే?" అనేది. మొన్న ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది, ఎత్తగానే "పనిలో ఉన్నావా? సరే సరే, నేను ఆరింటికి చేస్తాలే" అని తనే పెట్టేసింది. నాకు ఒక్క క్షణం నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం చీటీ రాస్తుండగా ఫోన్ మోగింది. గడియారం చూస్తే ఐదూ యాభై ఎనిమిది.